ఉబుంటు 22.04కి మారాక పిల్లల లాగిన్లలో ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవట్లేదు

ల్యాబ్_బాబాయ్:
యూనివర్సిటీలో ల్యాబ్ చూసుకుంటాను. ఉబుంటు లైనక్స్ 20.04 వెర్షన్‌కి మామూలు సపోర్ట్ 2025లో అయిపోయింది కదా, సెలవుల్లో సిస్టమ్స్ అన్నీ 22.04కి ఎక్కించాం. నా అడ్మిన్ లాగిన్‌లో ఫైర్‌ఫాక్స్ ఠక్కున వస్తోంది. పిల్లలు నొక్కితే మాత్రం ఐకాన్ కాసేపు తిరిగి ఊరుకుంటుంది. టెర్మినల్‌లో చూస్తే హోమ్ డైరెక్టరీ (వాళ్ల సొంత ఫోల్డర్) /హోమ్ బయట ఉంది, కాన్ఫిగర్ చెయ్యమంటోంది. వాళ్ల ఫోల్డర్లు సర్వర్ మీద, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్లలో) ఉంటాయి: /డేటా/2023/రోల్‌నంబర్, అలా బ్యాచ్‌ల వారీగా. పరీక్ష ఫీజు గడువు నెత్తి మీదుంది. ప్రతివాడూ వచ్చి "సార్, నెట్ రావట్లేదు" అంటాడు. నెట్ బానే ఉంది నాయనా అంటే నమ్మడు.

కోడ్_కుర్రాడు:
క్రోమ్ డెబ్ ఫైల్ (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) వేసి పారేయండి అన్నా, గొడవ వదిలిపోతుంది.

ల్యాబ్_బాబాయ్:
వెయ్యొచ్చు తమ్ముడూ. కానీ వాళ్ల బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో ఉండిపోయాయి. ఒక్కొక్కడికీ పాస్‌వర్డ్ రీసెట్ చేయించడం నా వల్ల కాదు.

రూట్_అక్క:
బాబాయ్ గారూ, 20.04లో ఫైర్‌ఫాక్స్ మామూలు డెబ్ ప్యాకేజీ. 22.04లో ఆ పేరుతో ఉన్నది ఉత్త డొల్ల, అది వెళ్లి స్నాప్‌ను (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ఇంకో రకం ప్యాకేజీ) దింపుతుంది. స్నాప్‌కి కాపలాగా, ఏ ఫోల్డర్లు ముట్టుకోవచ్చో చెప్పే యాప్‌ఆర్మర్ ఉంటుంది, దానికి తెలిసిన ఇల్లు /హోమ్ ఒక్కటే. మీ అడ్మిన్ ఖాతా అక్కడే ఉంది కాబట్టి మీకు తెరుచుకుంటోంది.

స్నాప్‌లను నడిపే స్నాప్‌డి 2.59 నుంచి హోమ్‌డిర్స్ అనే సెట్టింగ్ వచ్చింది. అయితే అందులో /డేటా అని ఇస్తే చాలదు, రోల్‌నంబర్‌కి సరిగ్గా పై ఫోల్డర్ ఇవ్వాలి. అంటే /డేటా/2022, /డేటా/2023 అని కామాలతో అన్నీ. కొత్త బ్యాచ్ చేరినప్పుడల్లా మళ్లీ ప్రతి సిస్టమ్‌లో చేర్చాలి. నాకైతే విసుగు.

నేనైతే స్నాప్ తీసేసి ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్ల సొంత ఆప్ట్ రెపో (ఉబుంటు ప్యాకేజీ టూల్ ఆప్ట్ డెబ్‌లు తెచ్చుకునే చోటు) పెడతాను, 2024 జనవరి నుంచి అందులో డెబ్ ఇస్తున్నారు. ఆప్ట్ ప్రిఫరెన్సెస్‌లో ఆ రెపోకి పిన్ ప్రయారిటీ (ఏ రెపోకి ముందు ప్రాధాన్యమో చెప్పే అంకె) 1000 ఇవ్వడం మరవకండి. ఉబుంటు డొల్ల ప్యాకేజీ వెర్షన్ ముందు "1:" ఉంటుంది. ఆప్ట్ లెక్కలో అదే పెద్దది, పిన్ లేకపోతే స్నాప్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

కోడ్_కుర్రాడు:
అదే రెపోలో ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఫైర్‌ఫాక్స్) కూడా ఉంది కదక్కా? ల్యాబ్‌కి అదే నయం, నెలనెలా ఫీచర్లు మారవు.

రూట్_అక్క:
కొత్తగా కట్టే ల్యాబ్ అయితే అదే అనేదాన్ని. వీళ్ల ప్రొఫైళ్లు (బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే ఫోల్డర్లు) 20.04లో మామూలు ఫైర్‌ఫాక్స్‌తో నడిచాయి, అది సాధారణంగా ఈఎస్‌ఆర్ కన్నా ముందుంటుంది. కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాతదానితో తెరిస్తే, కొత్త ప్రొఫైల్ చేసుకోమని అడ్డుపడుతుంది. అప్పుడు బుక్‌మార్కులు పోయాయని మళ్లీ బాబాయ్ గారి బల్ల చుట్టూ జనం.

ల్యాబ్_బాబాయ్:
ఒక సిస్టమ్‌లో పిన్ పెట్టి డెబ్ వేశాను. ఫైనల్ ఇయర్ అమ్మాయి లాగిన్ అయింది, బుక్‌మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పిల్లల వైపు స్నాప్ ఎప్పుడూ తెరుచుకోలేదు కాబట్టి పాత ప్రొఫైల్ ఉన్న డాట్-మొజిల్లా ఫోల్డర్ చెక్కుచెదరలేదు. మిగతా సిస్టమ్స్‌కి ఈ రాత్రి స్క్రిప్ట్ తోలుతున్నా. అక్కా, స్నాప్ రిమూవ్ ముందా, రెపో ముందా?

రూట్_అక్క:
రెపో, పిన్ ముందు. స్నాప్ రిమూవ్ ఆ తర్వాత, డెబ్ చివర. స్క్రిప్ట్‌లో అలౌ-డౌన్‌గ్రేడ్స్ పెట్టండి, లేకపోతే చిన్న వెర్షన్‌కి దిగుతున్నామని ఆప్ట్ మధ్యలో ఆగిపోతుంది.