పంటి క్యాప్ పడలేదా? ప్యాచ్ టెస్టు చేయించుకున్నవారు చెప్పండి

కడప లెక్కల టీచరు:
నాకు యాభై రెండేళ్లు. నాలుగు నెలల క్రితం కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేసి, లోహం మీద పింగాణీ ఉన్న క్యాప్ వేశారు. మూడో వారం నుంచి ఆ పంటి చుట్టూ చిగురు ఎర్రగా వాచి ఉంటోంది. పెదవుల అంచున పొట్టు లేస్తోంది. అదే సమయంలో చెవి తమ్మెల దగ్గర పాత దురద తిరగబెట్టింది. రోల్డ్ గోల్డ్ నాకు పడదని తొమ్మిదో తరగతిలోనే తెలుసు. అక్క పెళ్లికి పెట్టుకున్న జూకాలు మూడో రోజుకే రసి కార్పించాయి. ఇంకేముంది, ఆ జూకాల్లో ఉండే నికెల్ లోహమే క్యాప్‌లోనూ ఉందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

క్యాప్ వేసిన డాక్టరు గారు తీసేసి లోహం లేని జిర్కోనియా క్యాప్ వేద్దామంటున్నారు. ఖర్చు మళ్లీ నాదేనట. చర్మ డాక్టరు గారేమో ముందు ప్యాచ్ టెస్టు, అంటే అనుమానమున్న పదార్థాలను పట్టీలతో వీపుకు అంటించి చూసే పరీక్ష, చేద్దామన్నారు. రక్త పరీక్షతో తేలదా అని అడిగితే, ఈ రకం అలర్జీ దానికి దొరకదన్నారు. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీయే. కానీ కడప ఎండల్లో వీపు నిండా పట్టీలు వేసుకుని, స్నానం లేకుండా ఎన్ని రోజులు ఉండాలి? దురదకు రోజూ సెటిరిజిన్ అలర్జీ మాత్ర వేసుకుంటున్నాను, అది మానాలా?

అనంతపురం నుంచి ఒక చెల్లెలు:
అక్కా, నేను కిందటేడు మే నెలలో చేయించుకుని చేతులు కాల్చుకున్నాను. చెమటకు పట్టీలు ఊడి, అంతా వృథా అయింది. నవంబరులో మళ్లీ చేశారు. ఆగగలిగితే మీరూ చలికాలం దాకా ఆగండి. ఆగలేకపోతే ఆ వారం వంటగది పని ఇంకెవరికైనా అప్పగించండి.

సోమవారం అంటించారు. చొక్కా గుండీ అంత అల్యూమినియం గిన్నెలు, వాటిలో వాజెలిన్‌లో కలిపిన పదార్థాలు. నికెల్ సల్ఫేటు 5 శాతం అని చీటీలో ఉంది. 48 గంటల తర్వాత బుధవారం తీసి, పెన్నుతో గుర్తులు పెట్టి చూశారు. శుక్రవారం మళ్లీ, ఆ పై సోమవారం ఇంకోసారి చూశారు. లోహాలకు ఎరుపు ఏడో రోజున కూడా రావచ్చు కాబట్టి ఆ చివరిసారి మానకండి. వారమంతా నడుము కింద మాత్రమే స్నానం, పైన తడిగుడ్డతో తుడుచుకోవడం. వీపుకు తడి తగలకూడదు. పాత నూలు జాకెట్లే వేసుకోండి, సిరా మరక పోదు.

సెటిరిజిన్ మానక్కర్లేదని మా డాక్టరు గారు చెప్పారు. ఇది వెంటనే దద్దుర్లు లేచే అలర్జీ కాదు, రెండు మూడు రోజులకు నిదానంగా బయటపడేది. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మాత్రం ముందే చెప్పాలి. వీపుకు స్టెరాయిడ్ మలాము రాసినా అంతే.

కర్నూలు, క్యాప్‌ల ల్యాబు:
అమ్మా, పదహారేళ్లుగా క్యాప్‌లు తయారుచేస్తున్నాను. బిల్లులో "మెటల్ సిరామిక్" అని ఉంటే లోహం పేరు చెప్పినట్టు కాదు. పోత పోసే నికెల్-క్రోమ్‌లో సగానికి పైగా నికెలే. లేజరుతో పొడిని కరిగించి చేసేవి ఎక్కువగా కోబాల్ట్-క్రోమ్. ల్యాబు చీటీ మీద మిశ్రమం పేరు ఉంటుంది, దాన్ని అడిగి తీసుకుని చర్మ డాక్టరుకు చూపించండి. ఏం పరీక్షించాలో తెలియకుండా వీపు మీద ఎన్ని అంటించి ఏం లాభం?

పంటి వైద్యంలో వాడే సామానుకు ప్యాచ్ టెస్టులో వేరే పదార్థాల జాబితా ఉంటుంది. పల్లాడియం, బంగారం, పాదరసం, అతికించే జిగురులోని మెథాక్రిలేట్లు అందులో ఉంటాయి. మా దగ్గర పనిచేసిన కుర్రాడి వేళ్ల కొనలు ఆ మెథాక్రిలేటే ఉండే కట్టుడుపళ్ల ద్రవంతో పగిలిపోయాయి. తొడుక్కున్న రబ్బరు గ్లవ్స్ గుండా కూడా అది దిగిపోతుందని తెలిసేసరికి వాడు పని మానేశాడు. ఇంకో మాట: ఒక్క పంటి చుట్టే వాపుంటే, లోహం కంటే ముందు క్యాప్ అంచు సరిగా కూర్చుందో లేదో చూడాలి. ఇది మా తప్పయినా కావచ్చు, దంతవైద్యుడి తప్పయినా కావచ్చు.

ఎర్రగుంట్ల మేస్త్రీ కొడుకు:
టీచరు గారూ, మా నాన్న చేతులకు ఇరవై ఏళ్లు "సున్నం పడలేదు" అనే అందరూ అన్నారు. ప్యాచ్ టెస్టులో పొటాషియం డైక్రోమేటు దగ్గర ఎర్రగా పొంగింది, అంటే సిమెంటులోని క్రోమియం. అప్పుడు కాలిలో ఉన్న స్టీలు ప్లేటు కూడా తీయిద్దామని నేను గొడవపెట్టాను, స్టీలులోనూ క్రోమియం ఉంటుంది కదా అని. డాక్టరు వద్దన్నారు. ఆరేళ్లుగా ఏ బాధా పెట్టని ప్లేటు మీద మీకెందుకు కోపం అన్నారు. వీపు మీద వచ్చింది చర్మం సంగతి, లోపలున్న వస్తువే దోషి అని కాదట.

కడప లెక్కల టీచరు:
ఆగలేకపోయాను. కూలర్ ముందు వారం రోజులు బోర్లా పడుకుని, జవాబు పత్రాలు దిద్దుకుంటూ పరీక్ష పూర్తిచేశాను.

ఒప్పుకోవాలి, నా లెక్క తప్పింది. ల్యాబు చీటీ నాలుగో ఫోనుకు గానీ రాలేదు. అందులో కోబాల్ట్-క్రోమ్ అని ఉంది. వీపు మీద నికెల్‌కు రెండు ప్లస్సులు, అంటే గట్టిగానే పడదని; చెవుల సంగతి తేలిపోయింది. కోబాల్టుకు, క్రోమియానికి ఏడో రోజుకు కూడా ఏమీ లేదు. సువాసనల మిశ్రమం దగ్గర ఒక ప్లస్సు కనిపించింది. అందులో లవంగంలో ఉండే యూజెనాలు, దాల్చినచెక్కలో ఉండే సిన్నమాలు ఉంటాయట. నా టూత్‌పేస్టు మీద గొప్పగా లవంగం బొమ్మే ఉంది! అది మార్చి పది రోజులైంది, పెదవి పొట్టు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

చిగురు కోసం వేరే దంతవైద్యురాలికి చూపించాను. పక్క పంటి వైపు క్యాప్ అంచు చిగురు కిందికి లోతుగా దిగి, అక్కడ తిండి ఇరుక్కుంటోందని ఎక్స్‌రేలో చూపించారు. కర్నూలు తమ్ముడు ముందే అన్నాడు. క్యాప్ ఎలాగూ మార్చాల్సిందే, కానీ దోషం నికెల్‌ది కాదు, కొలతది. చీటీ, ఎక్స్‌రే రెండూ సంచిలో పెట్టుకున్నాను. ఖర్చు ఎవరిదన్న సంగతి రేపు సాయంత్రం మొదటి డాక్టరు గారి దగ్గర మాట్లాడతాను.