బ్యాక్‌హ్యాండ్‌కి బొడిపెల రబ్బరు వేయించుకోవచ్చా?
రెండేళ్లుగా టేబుల్ టెన్నిస్ ఆడుతున్నాను. బ్యాట్‌కి రెండు వైపులా నున్నటి రబ్బరే, దాని కింద ఉండే స్పాంజి 2 మిల్లీమీటర్లు. ఫోర్‌హ్యాండ్ పర్వాలేదు. బ్యాక్‌హ్యాండ్‌కి స్పిన్ సర్వీస్ వస్తే మాత్రం బంతి ఎగిరి ఎక్కడో పడుతుంది.

నాతో ఆడే ఒకాయన నల్ల వైపు పొడవాటి బొడిపెల రబ్బరు వాడతారు. నేను టాప్‌స్పిన్ (బంతి ముందుకి తిరిగేలా) కొడితే అది బ్యాక్‌స్పిన్‌గా (వెనక్కి తిరుగుతూ) వస్తుంది, నెట్‌కి కొట్టేస్తాను. (ఆయనకి చెమట కూడా పట్టదు!) బొడిపెలు వంగిపోయి బంతిని పట్టుకోవు కాబట్టి నా స్పిన్ నాకే వస్తోందని అర్థమైంది. మరి అంత లాభముంటే పెద్ద ఆటగాళ్లలో ఎక్కువమంది నున్నటి రబ్బరే ఎందుకు వాడతారు? పొడవాటి బొడిపెలతో సొంతంగా స్పిన్ పుట్టించలేమనా?

నాకు పొట్టి బొడిపెలు నయమా, లేక పలచటి స్పాంజితో సరిపెట్టుకోనా? రెండూ వాడి చూసినవాళ్లు కాస్త చెప్పండి.