కలుపు మొక్కల పసరు: ల్యాబులో పనిచేస్తే ఒంట్లోనూ పనిచేస్తుందా?

పర్లాకిమిడి రైతు:
గట్టు మీది గడ్డిచామంతి, ఉత్తరేణి, కుప్పింటాకుల్లో యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణ దెబ్బను అడ్డుకునే పదార్థాలు) ఉన్నాయని, బ్యాక్టీరియాను ఆపే గుణం కూడా ఉందని ల్యాబుల్లోనే తేలింది కదా. కొడవలి తెగితే మా నాన్న గడ్డిచామంతి పసరే పిండేవారు, రక్తం ఆగేది. మరి కషాయం కాచుకుని తాగడానికి భయం ఎందుకు?

గుణుపురం టీచర్:
అన్నా, గడ్డిచామంతి సంగతి కాదనను. మా ఇంట్లోనూ అదే పిండేవారు. నా అభ్యంతరమంతా తాగడం దగ్గరే.

ల్యాబులో ఎండిన ఆకును మిథనాల్ అనే ద్రావకంలో నానబెట్టి సారం తీస్తారు. దాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో వేస్తే, యాంటీఆక్సిడెంట్ గుణం ఉంటే అది పసుపుకు తిరగాలి. మనం తాగే టీ డికాక్షన్ వేసినా తిరుగుతుంది. తర్వాత బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో సారం తడిపిన కాగితపు బిళ్ల పెట్టి, చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల మేర క్రిములు పెరగలేదో కొలుస్తారు. ఆ పళ్లెంలో కాలేయం, కిడ్నీలు ఉండవు. వయ్యారిభామ సారానికీ ఈ పరీక్షల్లో మంచి ఫలితాలే వచ్చాయి. కలుపు తీసేటప్పుడు అది తగిలితే ఎలా దద్దుర్లు లేస్తాయో మీకు తెలుసు.

నాకు అసలు భయం కుప్పింటాకుతో. మనది మలేరియా ప్రాంతం. ఇలాంటి చోట్ల పుట్టుకతోనే జి6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్ల ఎర్రకణాలు ఆక్సీకరణ దెబ్బకు తట్టుకోలేవు. శ్రీలంకలో అలాంటివాళ్లు కుప్పింటాకు వేసి కాచింది తాగితే ఎర్రకణాలు పగిలిపోయిన కేసులు నమోదయ్యాయి. పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంట్ అనిపించుకున్న ఆకే ఒంట్లో సరిగ్గా దానికి ఎదురుపని చేసింది! మనలో ఎవరికి ఆ లోపం ఉందో రక్తపరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

పర్లాకిమిడి రైతు:
ఈ జి6పీడీ మాట ఇప్పుడే వింటున్నానమ్మా. కానీ కొండ మీది ఊళ్లవాళ్లకు ఆస్పత్రి అంటే సగం రోజు నడక. చేతికందే ఆకు వద్దంటే వాళ్లేం చేయాలి?

కోరాపుట్ నర్సు:
జ్వరమైతే ముందు ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరకు వెళ్లమనండి, మలేరియా కిట్‌తో అక్కడే చూస్తుంది. కషాయం తాగాక మూత్రం నల్లటీ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే ఆస్పత్రికి తేవాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

పర్లాకిమిడి రైతు:
కుప్పింటాకు కషాయం మానేస్తాను. గడ్డిచామంతి మాత్రం మానను.

గుణుపురం టీచర్:
మానమని అనను అన్నా. ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటుంది, గట్టున కోసిన ఆకుకూ ఆ మట్టే అంటుకుని ఉంటుంది. గాయాన్ని ముందు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడగండి. లోతుగా తెగితే పసరు పెట్టకుండా గుడ్డ కట్టుకుని ఇంజెక్షన్‌కు వెళ్లండి.