జాతీయ ఈవెంట్ అవార్డులకు ఎంట్రీ పంపడం, జ్యూరీ చూసే తీరు: బెంగళూరు తెలుగువారి అనుభవాలు కావాలి

దేవనహళ్లి_మండపం:
అందరికీ నమస్కారం. మొన్న వైశాఖంలో దేవనహళ్లి దగ్గర ఒక మామిడితోటలో మేము చేసిన తెలుగువారి పెళ్లిని ఈ ఏడాది జాతీయ స్థాయి అవార్డులకు పంపాలనుకుంటున్నాము. లేపాక్షిలో అసంపూర్ణంగా నిలిచిపోయిన కల్యాణ మండపాన్ని ఆధారంగా తీసుకొని, పైకప్పు లేకుండా స్తంభాలు మాత్రమే నిలబెట్టి, ఆకాశం కింద ముహూర్తం జరిపించాము. వివాహ విభాగంలో పంపాలా, సెట్ డిజైన్ విభాగంలో పంపాలా? రెండింటికీ విడివిడిగా రుసుము కట్టడం మాలాంటి చిన్న సంస్థకు గిట్టుబాటు అవుతుందా? వధువు తండ్రిగారి అనుమతి ఏ రూపంలో ఉండాలి? వీడియో ఎంత నిడివి ఉంటే మంచిది?

జ్యూరీ_అనుభవం:
నేను మొదటి వడపోతలోనూ, సంస్థలు ఎదురుగా వచ్చి ప్రెజెంటేషన్ ఇచ్చే తుది రౌండులోనూ జ్యూరీ సభ్యుడిగా పనిచేశాను కనుక ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. మొదటి రౌండులో జ్యూరీ సభ్యుడు తన ఇంట్లోనో ఆఫీసులోనో ఒంటరిగా కూర్చొని, ఒకే విభాగంలోని ఎంట్రీలను వరసగా చూస్తూ, ఆలోచన, అమలు, ఫలితం అనే గడులలో మార్కులు వేస్తాడు. మీరు అక్కడ ఉండరు, వివరించలేరు. డ్రోన్ షాట్లు, నెమ్మదిగా రాలే పూలరేకులు, కళ్లు తుడుచుకొనే తల్లి ప్రతి పెళ్లి వీడియోలోనూ ఉంటాయి కాబట్టి వాటికి మార్కులు పడవు. వైశాఖంలో బెంగళూరు శివార్లలో సాయంత్రపు వాన ఎప్పుడైనా వస్తుంది. అటువంటి రోజుల్లో పైకప్పు లేని మండపం కట్టానని మీరంటే, వాన వస్తే ఏం చేయాలనుకున్నారన్నది నా మొదటి ప్రశ్న అవుతుంది. మీ పోస్టులో ఆ మాటే లేదు. దానికి జవాబు మీ ఎంట్రీ మొదటి పేరాలో ఉండాలి.

పీణ్య_వర్క్‌షాప్:
స్తంభాలు ఎవరు చేశారో కూడా పోస్టులో లేదు. ఇది నాకు బాగా తగిలే విషయం. ఒక పెద్ద కంపెనీ వార్షికోత్సవానికి మా వర్క్‌షాపులో సెట్ మొత్తం తయారైంది. మట్టితో నమూనా చెక్కి, దాని మీద అచ్చు తీసి, ఫైబర్ పోత పోసి, లోపల ఇనుప చట్రం బిగించి, రాతి రంగు మూడు పూతలు వేసి, రాత్రికి రాత్రి లారీలో ప్యాలెస్ గ్రౌండ్స్‌కు చేర్చాము. ఆ పని సెట్ డిజైన్ విభాగంలో బంగారు పతకం గెలుచుకుంది. ఆ సంగతి నాకు మా వెల్డరు ఫోనులో ఫొటో చూపిస్తే తెలిసింది. ఫారంలో ఎక్కడా మా పేరు లేదు.

ఇందిరానగర్_ఈవెంట్స్:
పీణ్య గారూ, మీ బాధ అర్థమవుతుంది కానీ వాదన సరికాదు. క్లయింటు ముందు నిలబడేది ఏజెన్సీ, డ్రాయింగు ఇచ్చేది ఏజెన్సీ, కార్యక్రమం చెడితే మాట పడేది ఏజెన్సీ. క్లయింటు డబ్బు మూడు నెలలు ఆలస్యమైనా మీకు అడ్వాన్సు ఇచ్చేది మేమే. ఫ్యాబ్రికేటరు పేరు రాస్తే లైట్లు, సౌండు, పూలు, భోజనాలు, జనరేటరు, అందరి పేర్లూ రాయవలసి వస్తుంది. దర్శకత్వానికి ఇచ్చే అవార్డును పంచుకోమనడం ఏ న్యాయం?

పీణ్య_వర్క్‌షాప్:
పంచుకోమని నేను అడగలేదు, పేరు రాయమన్నాను. మీ డ్రాయింగులో స్తంభం పన్నెండడుగులు ఉంటుంది. అది గాలికి పడకుండా అడుగున ఎంత వెడల్పు ప్లేటు వేయాలో, లోపల ఎంత బరువు పెట్టాలో ఆ డ్రాయింగులో ఉండదు. ఆ ఆలోచన మా మేస్త్రీది. సెట్ డిజైన్ విభాగం అని పేరు పెట్టి, సెట్టు నిలబెట్టినవాడిని పూలవాళ్లతో కలిపి లెక్కకట్టడం మీకు తగినది కాదు.

యలహంక_లైట్స్:
పీణ్య గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆరుబయట పెళ్లి అన్నారు కనుక ఇంకో విషయం చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సంగీత్ కార్యక్రమాన్ని రాత్రి పదింటిలోపు ముగించడానికి మీరు వేసిన సమయ పట్టికను ఎంట్రీలో పెట్టండి. జనరేటరును మండపానికి ఎంత దూరంలో పెట్టారో, కేబుళ్లను అతిథుల కాళ్లకు తగలకుండా ఎలా కప్పారో కూడా రాయండి. పదింటికి సౌండు ఆపించడం ఎంత కష్టమో ఈ నగరంలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

జయనగర్_నిర్వాహకురాలు:
విభాగాల సంగతి ఎవరూ చెప్పడం లేదు. చాలామంది పర్యావరణ విభాగాన్ని సులభమైన దారి అనుకొని, అరటాకులు వేశాము, స్ట్రాలు తీసేశాము అని రాసి పంపిస్తారు. ఈవెంట్ల సుస్థిరతకు ఐఎస్‌ఓ 20121 అనే అంతర్జాతీయ ప్రమాణం 2012 నుంచే ఉంది. దాని ప్రకారం ముందుగా లక్ష్యం పెట్టుకొని, కొలిచి, ఫలితం చూపించాలి. ఇంకొక మాట. అలంకరణకు థర్మోకోల్ వాడకం, 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్ల వాడకం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. ఆ స్తంభాలు థర్మోకోల్‌వి అయితే, అవార్డు మాట అటుంచి, ఎంట్రీ ఫొటోలే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి.

పీణ్య_వర్క్‌షాప్:
అమ్మా, రాతి స్తంభం కనిపిస్తే చాలు థర్మోకోల్ అనేయడం మీ ఏజెన్సీవాళ్లకు అలవాటైంది. ఫైబర్ పోత అని పైనే రాశాను. ఒకసారి పోసిన స్తంభం రంగు మార్చి ఎన్నో పెళ్లిళ్లకు తిరుగుతుంది. అలా మళ్లీ వాడడాన్ని ఏ జ్యూరీ అయినా లెక్కలోకి తీసుకుందా?

జయనగర్_నిర్వాహకురాలు:
మీ స్తంభాల గురించి నేను అనలేదండీ, దేవనహళ్లి వారిని అడిగాను. మళ్లీ వాడినట్లు రుజువుంటే తప్పకుండా లెక్కలోకి వస్తుంది. ఏ పెళ్లి నుంచి ఏ పెళ్లికి వెళ్లాయో తెలిపే గోడౌను రిజిస్టరు పేజీ ఒక్కటి జతచేయండి చాలు.

ఇందిరానగర్_ఈవెంట్స్:
జ్యూరీలో మా పోటీదారుల స్నేహితులు కూర్చుంటే ఈ రిజిస్టర్లు, సమయ పట్టికలు ఎవరు చదువుతారు? మా ఎంట్రీ ఒకటి చివరి జాబితా దాకా వెళ్లి, ఏ కారణమూ చెప్పకుండా పక్కన పడింది. ఓడినవారికి మార్కుల వివరమైనా ఇవ్వాలి కదా.

జ్యూరీ_అనుభవం:
మీ మాట నాకు నచ్చలేదు. నేను పనిచేసిన చోట, ఎంట్రీ పంపిన సంస్థతో వ్యాపార సంబంధం ఉన్న సభ్యుడు ముందుగానే ఆ మాట రాసిచ్చి, ఆ ఎంట్రీకి మార్కులు వేయకుండా గది బయటికి వెళ్లేవాడు. నేనూ అలాగే వెళ్లాను. అలాంటి నియమం లేని పోటీలు ఉంటే వాటికి డబ్బు కట్టకండి. కట్టే ముందే నిర్వాహకులను లిఖితపూర్వకంగా అడగండి. ఓడినవారికి మార్కుల వివరం ఇవ్వాలన్న మీ కోరిక మాత్రం న్యాయమైనదే. అది ఇవ్వని పోటీ పాల్గొన్నవారికి ఏమీ నేర్పదు.

మైలాపూర్_తెలుగు:
చెన్నై నుంచి రాస్తున్నాను. మాది చిన్న సంస్థ, తక్కువ బడ్జెట్ విభాగంలో మాకు వెండి పతకం వచ్చింది. మేము గొప్పలు రాయలేదు. ఎంత తక్కువ డబ్బుతో, ఎంత తక్కువ సమయంలో, ఏ అడ్డంకి మధ్య చేశామో రాశాము. 2022లో రష్యాలో జరగవలసిన 44వ చెస్ ఒలింపియాడ్ చెన్నైకి మారి, కొన్ని నెలల వ్యవధిలోనే మామల్లపురంలో ఏర్పాట్లన్నీ పూర్తిచేయవలసి వచ్చినప్పుడు, మా ఊరి ఈవెంట్ల వాళ్లందరం ఆ పనిని దగ్గరగా గమనించాము. ఎంత పెద్ద కార్యక్రమానికైనా వ్యవధే అసలు కథ అని అక్కడ తెలుసుకున్నాను. రుసుము గురించి అడిగారు కదా, దాని మీది జీఎస్‌టీని మీ సంస్థ రిజిస్టర్ అయి ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్‌టీలో తగ్గించుకొనే మొత్తంగా, తీసుకోవచ్చు. ఇన్‌వాయిసులో మీ జీఎస్‌టీ నంబరు ఉండేలా చూసుకోండి. రెండు విభాగాలకు కట్టకండి. అవార్డుల వేడుకలో కూర్చోవడానికి టేబుల్ కొనమని అడుగుతారు, గెలిస్తే అదనపు ట్రోఫీకి వేరుగా అడుగుతారు, ఆ డబ్బు దాచుకోండి.

వీడియోలో పెట్టే పాట సంగతి ఎవరూ చెప్పలేదు. పెళ్లి వేడుకలో సినిమా పాట వేయడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది కానీ, ఆ పాటనే మీ ఎంట్రీ వీడియో వెనుక పెట్టుకోవడానికి ఆ మినహాయింపు పనికిరాదు. నాదస్వరం రికార్డింగు ఉంటే అదే వాడండి, వాయించినవారిని అడిగి.

దేవనహళ్లి_మండపం:
అందరికీ కృతజ్ఞతలు. వాన గురించి జ్యూరీ గారు అడిగారు కనుక చెబుతున్నాను. స్తంభాల వరస వెనుక, ఫొటోల్లో కనపడనంత దూరంలో రెండు వైపులా ట్రస్ (లోహపు చట్రం) నిలబెట్టి, పారదర్శకమైన టార్పాలిన్‌ను చుట్ట చుట్టి ఉంచాము. తాళ్లు లాగితే కొన్ని నిమిషాల్లో మండపం మీదికి జారివచ్చే ఏర్పాటు అది. ముహూర్తానికి ముందురోజు సాయంత్రం వాన కురిసినప్పుడు దాన్ని నిజంగానే లాగి, పీటల మీద చుక్క పడకుండా చూశాము. స్తంభాలు ఫైబర్‌వే, అద్దెకు తీసుకున్నవి. వాటిని పోసినవారి పేరు ఫారంలో రాస్తాను. అందుకు గడి లేకపోతే వీడియో చివర రాస్తాను.

జ్యూరీ_అనుభవం:
మీ ఎంట్రీ అదే. పూలూ డ్రోనూ తరవాత. చుట్టిన టార్పాలిన్, తాళ్లు పట్టుకొని నిలబడ్డ మనుషులు, వాన కింద పొడిగా ఉన్న పీటలు మొదటి అరనిమిషంలో కనపడాలి. సెట్ డిజైన్ విభాగంలో పంపండి. వివాహ విభాగంలో ఖర్చు పెద్దదైతేనే కంటికి ఆనుతుంది.

మైలాపూర్_తెలుగు:
అనుమతి ప్రశ్న మిగిలిపోయింది. వధువు తండ్రిగారి సంతకం ఒక్కటే సరిపోదు, వరుడి తరపువారు కూడా ఫొటోల్లో ఉంటారు కాబట్టి రెండు కుటుంబాల నుంచీ తీసుకోండి. ఏయే ఫొటోలు వాడతారో, ఖర్చు వివరం జ్యూరీకి మాత్రమే చూపిస్తారా లేక బయట కూడా ప్రకటిస్తారా, గెలిస్తే వేదిక మీద కుటుంబం పేరు చదవవచ్చా, ఈ మూడూ ఉత్తరంలో విడివిడిగా ఉండాలి. చిన్నపిల్లల ముఖాలు ఉన్న ఫొటోలను మేము మొదటే తీసేస్తాము.

ఇందిరానగర్_ఈవెంట్స్:
ట్రస్ ఎవరిది?

దేవనహళ్లి_మండపం:
హెబ్బాళలో ఉండే ఒక సప్లయర్‌ది. ఆయన పేరు కూడా రాస్తున్నాను.