1697 సిక్స్‌పెన్స్‌పై ‘ఎల్’ బదులు ‘ఐ’: అక్షరదోషమా, అరుగుదలా?

ప్రశ్న: నా వద్ద ఇంగ్లండ్ రాజు మూడవ విలియం కాలపు వెండి సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల నాణెం) ఒకటి ఉంది. సంవత్సరం 1697. రాజు లాటిన్ పేరును జి-వి-ఎల్-ఐ-ఇ-ఎల్-ఎం-వి-ఎస్ అని చెక్కవలసి ఉండగా, దీనిపై రెండవ ‘ఎల్’ అచ్చంగా ‘ఐ’ లాగా కనబడుతోంది. నాణెం బాగా అరిగిపోయింది కనుక ఇది అరుదైన దోషమో కాదో ఎలా తేల్చుకోవాలో దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: అటువంటి దోషం ఉండటానికి అవకాశం లేకపోలేదు. అంచులు కత్తిరింపుకు గురైన పాత నాణేలను కరిగించి 1696లో మొదలుపెట్టిన పునర్ముద్రణ కోసం లండన్ టవర్‌తో పాటు బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్ పట్టణాలలో కూడా టంకశాలలు నడిచాయి. అచ్చులపై అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో దిగగొట్టేవారు కాబట్టి తప్పు అక్షరం పడటం, ‘వి’ బదులు తలకిందులైన ‘ఎ’ పడటం జరిగేవి. అయితే అచ్చులోని గాడిలో మురికి పేరుకుపోతే ‘ఎల్’ పాదం, అంటే అడుగున ఉండే అడ్డగీత, నాణెంపై పడదు, అప్పుడు కూడా అది ‘ఐ’ లాగానే కనిపిస్తుంది.

అందువల్ల అక్షరం ఆకారం కంటే దాని పక్కనున్న ఖాళీని నమ్మడం మేలని నా అభిప్రాయం. ‘ఎల్’కు కుడివైపు పాదం ఉంటుంది గనుక, పాదం చెరిగిపోయినా దాని చోటు మిగిలే ఉంటుంది. పోల్చడానికి మరో నాణెం వెతకనక్కరలేదు, ఇదే పేరులో మొదటి ‘ఎల్’ ఉంది కదా! రెండవ ‘ఎల్’ నిలువు గీతకూ ‘ఎం’కూ మధ్య కుడిపక్కన మాత్రమే వెడల్పైన ఖాళీ కనిపిస్తే అది పాదం పోయిన ‘ఎల్’ అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు వైపులా ఎడం సమానంగా ఉండి, అడుగున ఇరుపక్కలా చిన్న కొనలు తేలితే దోషం ఉందని అనుమానించవచ్చు. పక్కనున్న ‘ఇ’, ‘ఎం’ల అడుగుభాగాలు కూడా పల్చబడి ఉన్నాయేమో గమనించండి, ఉంటే ఆ ప్రాంతమంతా అరిగిందని అర్థం.

ప్రశ్నించినవారు: పది రెట్ల భూతద్దంతో చూశాను. కుడివైపు ఖాళీ ఎక్కువగానే ఉంది, వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు అడుగున సన్నని గీత కూడా తోస్తోంది.

సమాధానం: అయితే ఇది ‘ఎల్’ అనే నేను భావిస్తున్నాను. దోషం అచ్చులోనే ఉంటే ఆ అచ్చు నుంచి వచ్చిన నాణేలన్నిటిపైనా అదే స్థానంలో కనిపిస్తుంది కనుక, అక్షరాల అమరిక సరిగ్గా సరిపోయే మరో నాణెం ఛాయాచిత్రం దొరికితే తప్ప దీన్ని అరుదైనదిగా ఎవరికీ అమ్మవద్దు. రాజు బొమ్మ కింద అక్షరం ఉంటే అది ఏ టంకశాలదో తెలుస్తుంది, కాబట్టి పోలికను దానికే పరిమితం చేయండి.

మరొకరు: విక్టోరియా రాణి కాలపు డబుల్ ఫ్లోరిన్‌కూ (నాలుగు షిల్లింగుల వెండి నాణెం) ఇదే పద్ధతి వర్తిస్తుందా?

సమాధానం: పూర్తిగా వర్తించదు. 1888 నాటి కొన్నింటిపై రాణి పేరులోని రెండవ ‘ఐ’ నిజానికి తలకిందులైన 1 అంకె. అక్కడ ఖాళీ పెద్దగా మారదు, కాబట్టి అడుగు కొనలనే పరీక్షించాలి: అంకె తలకిందులైనప్పుడు దాని పైన ఎడమవైపు ఉండే ముక్కు కుడివైపు అడుగుకు చేరుతుంది, ఎడమవైపు కొన ఉండదు. అరిగిన నాణెంపై ఇది తేలికగా తెలియదు గనుక, దీపాన్ని నాణెం చుట్టూ తిప్పుతూ వివిధ దిక్కుల నుంచి ఫోటోలు తీసి, ఆ పేరులోని మొదటి ‘ఐ’తో పోల్చండి. మెరుగు పెట్టడం, రుద్దడం మాత్రం చేయవద్దు. మిగిలిన ఆ కాస్త గుర్తు కూడా పోతుంది.