పెట్ట పొదుగుకొచ్చింది, గుడ్లు ఎలా పెట్టాలో చెప్పండి

పెరటికోళ్ళు_బాపట్ల:

నమస్తే అండీ. మా పెరట్లో ఆరేడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటిలో నల్ల పెట్ట ఒకటి గుడ్లు పెట్టడం ఆపేసి నిన్నటి నుంచి గూట్లోంచి లేవడం లేదు, దగ్గరికి చెయ్యి పోనిస్తే ఈకలన్నీ విప్పుకుని గుర్రుమంటూ పొడవటానికి వస్తోంది. పొదుగుకొచ్చినట్టే కదా? ఇన్నాళ్ళూ పిల్లల్ని సంతలో కొనడమే తప్ప ఇంట్లో పొదిగించింది లేదు. సమస్య ఏంటంటే మిగతా పెట్టలన్నీ గుడ్లు పెట్టే గూట్లోనే ఇది కూర్చుంది, దీన్ని పక్కకి నెట్టి మరీ అవి రోజూ అక్కడే పెట్టిపోతున్నాయి, ఏ గుడ్డు ఎప్పటిదో తెలియడం లేదు. వేరే చోటికి మారిస్తే పొదుగు మానేస్తుందా? ఎన్ని గుడ్లు పెట్టాలి? తెలిసినవాళ్ళు వనరాజా అనే సంకరజాతి కోడి గుడ్లు ఇస్తామంటున్నారు, దీని కింద పెట్టొచ్చా? మా అత్తగారేమో గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వెయ్యకపోతే ఉరుములకి గుడ్లు మురిగిపోతాయంటున్నారు. ఎండలు కూడా మొదలయ్యాయి, అదొక టెన్షన్.

సూర్యాపేట_రైతక్క:

పొదుగుకొచ్చినట్టే అమ్మా. ఇంకా అనుమానముంటే రాత్రి చూడు, మిగతావాటితో పాటు పైకెక్కి పడుకోకుండా గూట్లోనే ఉంటుంది. రోజుకి ఒక్కసారి లేచి, ముక్కు మూసుకునేంత కంపుతో పెద్ద ముద్దలా రెట్ట వేసి, గబగబా తిని మళ్ళీ పరుగెత్తుకొస్తుంది. ఈ రెండూ కనిపించేదాకా ఏవో రెండు పాత గుడ్లు కింద ఉంచు, మంచివి అప్పుడే పెట్టకు.

చోటు మాత్రం మార్చాల్సిందే. అక్కడే వదిలేస్తే రోజుకో కొత్త గుడ్డు చేరుతుంది, ఒకటి ఈరోజు పగిలితే ఇంకోటి నాలుగు రోజులకి పగులుతుంది. తల్లి అంతదాకా ఆగదు కదా, మొదటి పిల్లలు కాళ్ళ మీద నిలబడగానే వాటిని తీసుకుని బయటికి పోతుంది, ఇంకో రోజులో బయటికొచ్చే పిల్లలు గుడ్డులోనే చల్లబడి చచ్చిపోతాయి. అందుకని అన్ని గుడ్లూ ఒకే రోజు, ఒకే పూట పెట్టాలి. నన్నడిగితే పొదిగించడంలో మనం చెయ్యాల్సిన అసలు పని ఇదే, మిగతాదంతా కోడి చూసుకుంటుంది.

చీకటి పడ్డాక లైటు వెయ్యకుండా రెండు చేతులూ పొట్ట కిందకి పోనిచ్చి మెల్లగా ఎత్తి కొత్త గంపలో దించు, పైన ఇంకో గంప బోర్లించు. పగలు మారిస్తే పాత గూటికే పోతుంది. కొత్త చోట పాత గుడ్ల మీద ఒక రాత్రి, ఒక పగలు కుదురుగా కూర్చుంటే మర్నాడు రాత్రి వాటిని తీసేసి మంచి గుడ్లు పెట్టు. గంప అడుగున రెండు దోసిళ్ళ ఇసుక, దాని మీద నలిపి మెత్తగా చేసిన వరిగడ్డి. మధ్యలో కాస్త గుంట ఉండాలి, అదీ మరీ లోతు కాదు, లోతైతే గుడ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కోడి అడుగు వెయ్యగానే చిట్లుతాయి, చదునుగా ఉంటే అంచులకి దొర్లిపోయి చల్లబడతాయి. నాటు పెట్టకి దాని సైజుని బట్టి పది, పన్నెండు గుడ్లు చాలు. రెక్కల కింద నుంచి ఒక్క గుడ్డు బయటికి కనిపించినా ఎక్కువైనట్టే.

అత్తగారు చెప్పినవి వెయ్యమ్మా, మా ఇంట్లోనూ వేస్తాం. పెద్దావిడ మాట, కాదనడం ఎందుకు.

పశువైద్యం_మిత్రుడు:

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఎండల గురించి కాస్త చెబుతాను. ఉరుములకి మురిగిపోయాయనుకునే గుడ్లు చాలావరకు నిలవ ఉండి పాడైనవే. ఎండాకాలం గది వేడికే గుడ్డులో పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెట్టి, సరిపడా వేడి అందక మధ్యలోనే చచ్చిపోతుంది. చలికాలంలో వారం నాటి గుడ్లు కూడా పనికొస్తాయి గానీ ఇప్పుడు మాత్రం మూడు నాలుగు రోజులు దాటినవి పెట్టకండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల, సన్నటి కొన కిందకి ఉండేలా నిలబెట్టండి. కడగొద్దు, పెంకు మీద ఉండే పల్చటి పొర పోయి క్రిములు లోపలికి వెళ్తాయి. మట్టి అంటి ఉంటే పొడిగుడ్డతో తుడవండి, బాగా మురికైనవి కూర వండుకోండి. గంపని రేకుల కింద పెట్టకండి, తాటాకు పాకో చెట్టునీడ పడే వసారానో చూడండి. వడగాలి రోజుల్లో గడ్డి కింద ఇసుకని కొంచెం తడిపితే వేడి, పొడి రెండూ తగ్గుతాయి.

వనరాజా అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన రకం. అవి పొదగవు కాబట్టి నాటు పెట్ట కింద పెట్టడం మంచి పద్ధతే, వాటికీ 21 రోజులే. గుడ్డు పెద్దది కనక ఎనిమిది, తొమ్మిదికి మించొద్దు. కానీ ఆ గుడ్లు ఎక్కడివో అడగండి. అది సంకరజాతి కాబట్టి ఎవరి పెరట్లోనో తిరిగే వనరాజాల గుడ్లయితే వచ్చే పిల్లలు తల్లంత బరువూ పెరగవు, అన్ని గుడ్లూ పెట్టవు. ఆ గుడ్లకి డబ్బు పెట్టడం నాకైతే ఇష్టం లేదు, మీ పుంజు మంచిదైతే మీ నాటు గుడ్లే పెట్టుకోండి.

కోనసీమ_కోళ్ళు:

పేల సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ! కదలకుండా కూర్చున్న కోడికి పేలు పట్టాయంటే సగంలో గుడ్లు వదిలేసి లేచిపోతుంది. గుడ్లు పెట్టేముందే రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడండి, గడ్డిలో వేపాకు వెయ్యండి, లేచి వచ్చే దారిలో పొడి బూడిద పోసి ఉంచండి, అందులో పొర్లి దులుపుకుంటుంది. తిండికి జొన్నలో వడ్లో గంపకి నాలుగడుగుల దూరంలో పెట్టండి, మరీ పక్కనే ఉంటే లేవడం మానేసి గంపలోనే రెట్ట వేస్తుంది. రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు బయట తిరిగితే గుడ్లకేమీ కాదు.

ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చ్ మీద గుడ్డు లావు కొన ఆనించి చూడండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు కలవని గుడ్డు, తీసెయ్యండి. నేనైతే గుడ్లు రోజూ చేత్తో తిప్పుతాను, పిల్లలు బాగా వస్తాయి.

సూర్యాపేట_రైతక్క:

చేత్తో తిప్పడం ఎందుకు తమ్ముడూ, అది ఇంక్యుబేటర్ పద్ధతి. కోడే ముక్కుతో రోజులో ఎన్నోసార్లు తిప్పుకుంటుంది. మనం చెయ్యి పెట్టినప్పుడల్లా కంగారుపడి గుడ్డు తొక్కుతుంది. 18వ రోజు దాటాకైతే అస్సలు ముట్టుకోవద్దు.

పెరటికోళ్ళు_బాపట్ల:

అందరికీ చాలా థాంక్స్. వనరాజా వద్దనుకున్నాం, మా గుడ్లే పోగేస్తున్నాను, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో తేదీ రాస్తున్నాను. ఇంకో రెండు డౌట్లు. ఏడో రోజు తీసేసిన వాటి బదులు కొత్తవి పెట్టొచ్చా? పెంకు పగలడం మొదలయ్యాక పిల్ల బయటికి రాకపోతే మనం ఒలిచి తియ్యాలా?

పశువైద్యం_మిత్రుడు:

కొత్తవి వద్దు, అక్క చెప్పిన ఇబ్బందే మళ్ళీ వస్తుంది. పెంకు ఒలవకండి. చిన్న బెజ్జం పడ్డాక పూర్తిగా బయటికి రావడానికి పన్నెండు గంటల పైనే పట్టొచ్చు. పెంకు లోపల నరాల్లో నెత్తురు ఇంకా తిరుగుతుంటుంది, తొందరపడి లాగితే కారి చచ్చిపోతుంది. పుట్టిన పిల్లకి పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు రోజుల పాటు సరిపోతుంది, మేత కోసం కంగారు వద్దు.

పిల్లలకి వారం లోపు కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే కోళ్ళ జబ్బు) వ్యాక్సిన్ కంట్లోనో ముక్కులోనో చుక్క వేయించండి. సీసాలో వందల డోసులుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, పది పిల్లల కోసం సీసా విప్పమంటే ఎవరూ విప్పరు. చుట్టుపక్కల ఇళ్ళల్లో పిల్లలున్నవాళ్ళని ఇప్పుడే మాట్లాడుకుని అందరూ ఒకే రోజు పశువుల ఆస్పత్రికి వెళ్ళండి.

కోనసీమ_కోళ్ళు:

మొదటి రోజుల్లో మెత్తటి నూకలు, వెడల్పు మూకుట్లో గులకరాళ్ళు వేసి నీళ్ళు, రాళ్ళు లేకపోతే పిల్లలు మునిగిపోతాయి. చెదలు దొరికితే వదలకండి, పాత కుండలో తడి గోనెముక్క, ఎండుపేడ కుక్కి చెదపుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి నిండుతుంది, పిల్లలు ఎగబడి తింటాయి. గద్దలు, కాకులు ఎక్కువైతే నెలరోజులు వచ్చేదాకా పగలు కూడా తల్లితో సహా గంప కిందే ఉంచి, మీరు దగ్గరున్నప్పుడే వదలండి.