ముందు కీమో, తర్వాత ఆపరేషన్: రిపోర్ట్‌లో ఇంకా మిగిలి ఉందన్నారు, ఇలా ఎవరికైనా జరిగిందా?

చినుకు88:
మా అక్కకి రొమ్ము క్యాన్సర్, ట్రిపుల్ నెగటివ్ అండి, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్, హెర్2 గుర్తులు మూడూ లేని రకం. ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గాక ఆపరేషన్ అన్నారు, సరేనన్నాం. సగం సైకిల్స్‌కే గడ్డ చేతికి తగలకుండా పోయింది, స్కాన్‌లో కూడా కనపడట్లేదన్నారు, ఇంక గండం గడిచిందనుకున్నాం. తీరా ఆపరేషన్ అయ్యాక పాథాలజీ రిపోర్ట్‌లో 7 మి.మీ. మిగిలి ఉంది, చంకలో నోడ్స్ (లింఫ్ గ్రంథులు) మాత్రం క్లియర్ అని వచ్చింది. అంటే కీమో పని చెయ్యనట్టేనా? మొదటే ఆపరేషన్ చేయించేస్తే సరిపోయేదేమో అని ఇంట్లో ఒకటే గొడవ, అమ్మ అయితే రెండ్రోజులుగా సరిగ్గా మాట్లాడట్లేదు.

గోధూళి:
ముందా వెనకా అనే గొడవ అమ్మగారితో మాన్పించండి చినుకు గారూ. దీనిమీద 1988లోనే బీ-18 అని పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు, 1500 మందికి పైగా ఆడవాళ్ళు, సగం మందికి ఆపరేషన్ ముందు కీమో, సగం మందికి అదే కీమో తర్వాత. ఏళ్ళ తరబడి చూసినా బతికినవాళ్ళ లెక్కలో తేడా రాలేదు. ముందు ఇచ్చినవాళ్ళలో రొమ్ము మొత్తం తీసెయ్యకుండా గడ్డ వరకే తీసినవాళ్ళు ఎక్కువ, అంతే. ఇంకో సంగతి, 7 మి.మీ. మిగిలిందంటున్నారు సరే, మొదట ఎంత ఉండేది? మొదట్లో నోడ్స్‌లో ఉండి ఇప్పుడు క్లియర్ అయితే కీమో బాగానే పనిచేసినట్టు.

చినుకు88:
మొదట 4 సెం.మీ. పైనే అండి, నోడ్ బయాప్సీలో కూడా పాజిటివ్.

గోధూళి:
మరి అది తక్కువేం కాదుగా! రిపోర్ట్‌లో ఆర్‌సీబీ అని, కీమో తర్వాత ఎంత మిగిలిందో చెప్పే క్లాస్ ఉందేమో చూడండి, 0 నుంచి 3 వరకు ఉంటుంది, 0 అంటే ఏమీ మిగల్లేదని, 3 అంటే చాలా మిగిలిందని. లేకపోతే లెక్కకట్టి ఇమ్మని పాథాలజీ వాళ్ళని అడగొచ్చు. ఊరికే "మిగిలి ఉంది" అన్న మాట పట్టుకుంటే భయం తప్ప ఏమీ తెలీదు.

పొద్దుతిరుగుడు:
నాది ఈఆర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం. నాకూ మిగిలింది, గడ్డలోనూ నోడ్స్‌లోనూ. అప్పుడు నేనూ మీలాగే ఏడ్చాను, మా ఆంకాలజిస్ట్ చెప్పిందేంటంటే నా రకంలో పూర్తిగా పోవడమే అరుదు, పోనంత మాత్రాన ట్రిపుల్ నెగటివ్‌లో చూసినంత చెడ్డగా చూడక్కర్లేదు, అసలు పని హార్మోన్ మాత్రలదే అని. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయి సీసా మూత కూడా తిప్పలేను, అయినా మానలేదు. అందుకే ఒకరి రిపోర్ట్ ఇంకొకరితో పోల్చుకోవద్దు అంటాను, రకం ఒకటి కాకపోతే అసలు పోలికే లేదు.

గాలిపటం_2:
మా ఆవిడది హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్న రకం), తనకీ కొంచెం మిగిలింది. మిగిలింది కాబట్టే మందు మార్చారు, హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ బదులు, దానికే కీమో మందు జోడించిన టీ-డీఎం1. కాథరిన్ అనే ట్రయల్‌లో ఇలా మిగిలినవాళ్ళకే మందు మార్చి చూస్తే మూడేళ్ళకి జబ్బు తిరగబడకుండా ఉన్నవాళ్ళు 88 శాతం, పాత మందు మీదే ఉన్నవాళ్ళలో 77. ఆపరేషన్ ముందే చేసుంటే ఏం మిగిలిందో తెలిసేది కాదు, ఈ మందు సంగతే వచ్చేది కాదు. ప్లేట్‌లెట్స్ పడిపోయి మధ్యలో ఒక డోసు ఆపారు, అదొక్కటే ఇబ్బంది పెట్టింది.

నిజం_చేదు:
అందరూ ధైర్యం చెప్తున్నారు, మంచిదే. కానీ ముందు కీమో అంటే అంతా లాభమే అన్నట్టు రాయకండి. 2018లో పాత ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కకడితే, 15 ఏళ్ళలో అదే రొమ్ములోనో ఆ చుట్టుపక్కలో తిరిగి వచ్చినవాళ్ళు ముందు కీమో వైపు 21 శాతం, తర్వాత కీమో వైపు 16 శాతం. చావుల్లో తేడా లేదు, ముందు కీమో వైపు రొమ్ము ఉంచి చేసిన ఆపరేషన్లు ఎక్కువ కాబట్టి ఆ తేడా అని కూడా అన్నారు. అందుకే గడ్డ కరిగిపోయినా ఎక్కడ కొయ్యాలో తెలిసేలా కీమోకి ముందే గడ్డలో క్లిప్ పెడతారు. ఇంకోటి, మా పిన్నికి ఏమీ మిగల్లేదనే వచ్చింది, అయినా తర్వాత మెదడుకి పాకింది. క్లియర్ అన్నది గ్యారంటీ కాదు, మిగిలిందన్నది శిక్షా కాదు. చెకప్‌లు మాత్రం మానొద్దు.

చినుకు88:
థాంక్స్ అండి అందరికీ, మీ పిన్నిగారి సంగతి చదివి చాలా బాధేసింది. ఇవాళ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు మొదలుపెడదామన్నారు, బ్రాకా టెస్ట్‌కి (వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పు ఉందేమో చూసేది) కూడా పంపారు, అది పాజిటివ్ వస్తే ఆ మార్పు ఉన్నవాళ్ళకిచ్చే ఓలాపారిబ్ అనే మందు గురించి మాట్లాడదామన్నారు. ఆ కేపెసిటబిన్ వాడినవాళ్ళు ఎలా ఉందో చెప్తారా?

మామిడిపూత:
నేను వాడాను, నాదీ ట్రిపుల్ నెగటివే. జపాన్, కొరియాల్లో చేసిన ట్రయల్ చూపించి ఇచ్చారు, కీమో తర్వాత మిగిలిన ట్రిపుల్ నెగటివ్ వాళ్ళలో ఐదేళ్ళకి జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు ఈ మాత్రతో 70 శాతం దాకా, మాత్ర లేకుండా 56. జుట్టు పెద్దగా ఊడలేదు. అరచేతులూ అరికాళ్ళూ మాత్రం ఎర్రబడి మండుతాయి, తర్వాత పొట్టు లేస్తుంది, చర్మం పగిలాక క్రీమ్ రాస్తే లాభం లేదు, మొదటి మాత్ర రోజు నుంచే రాయాలి. వేడినీళ్ళు, బిగుతు చెప్పులు వద్దు. మంట ఎక్కువైతే ఓర్చుకోకుండా వెంటనే ఫోన్ చెయ్యమనండి, డోస్ తగ్గిస్తారు, నాకు తగ్గించారు. విరేచనాలు ఆగకపోయినా అంతే, తెల్లారేదాకా ఆగొద్దు. మొదలుపెట్టేముందు డీపీడీ టెస్ట్ చేస్తారేమో కూడా అడగండి, డీపీడీ అంటే ఈ మందుని ఒంట్లో విరిచే ఎంజైమ్, అది తక్కువున్నవాళ్ళకి ఈ మందు ప్రమాదం.

చినుకు88:
డీపీడీ మాట ఎవరూ చెప్పలేదు అండి. రేపు ఫోన్ చేసి అడుగుతా.